వీణ క్లాసు ముందా, త్రీబీ ముందా? సొంత పనులు క్యాలెండర్లో నిలవాలంటే ఏం చేస్తున్నారు?

తిరుపతి_లెక్కలు:

నమస్తే అండీ. నేను తిరుపతిలో జీఎస్టీ ప్రాక్టీషనర్‌ని. కొర్లగుంటలో ఇంటి కిందే ఆఫీసు గది, సాయానికి ఒక అమ్మాయి, అరవై మంది దాకా క్లయింట్లు. లాడ్జీలు, ట్రావెల్స్, బట్టల కొట్లు, రెండు మూడు హార్డ్‌వేర్ షాపులు. మావారు లెక్చరర్. మా పాప ఇంటర్ రెండో సంవత్సరం. మోకాలి ఆపరేషన్ అయిన అత్తగారు మా దగ్గరే ఉంటారు.

సొంత పనులు ముందు రాసుకో, మిగిలిన చోట ఆఫీసు పని సర్దుకో అని అందరూ చెబుతారు. రాసుకుంటూనే ఉన్నాను. రాసుకున్నది నిలవడం లేదు. మీలో ఎవరైనా నిలబెట్టుకుంటూ ఉంటే ఎట్లా చేస్తున్నారో చెప్పండి. "వద్దని చెప్పడం అలవాటు చేసుకోండి" అని మాత్రం ఎవరూ రాయకండి. అది ఎవరికి తెలీదు?

మా ఆఫీసు గోడకి పెద్ద అంకెల క్యాలెండర్ ఉంది. నెల మొదట్లో ముందు ఎర్ర పెన్నుతో నావి రాస్తాను: రోజూ పొద్దున ఆరున్నరకి అత్తగారి ఎక్సర్‌సైజులు, సోమవారం, గురువారం సాయంత్రం ఐదున్నరకి వీణ క్లాసు, రెండో శనివారం పాపతో బయటికి. ఆ తర్వాత నల్ల పెన్నుతో ఆఫీసువి: 7న టీడీఎస్ కట్టడం, 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్), 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న త్రీబీ (పన్ను లెక్క తేల్చి కట్టే జీఎస్టీ రిటర్న్). మూడు నెలలకోసారి వేసేవాళ్లకైతే మన రాష్ట్రంలో త్రీబీ 22. కాంపోజిషన్ వాళ్లకి (టర్నోవర్ మీద ఇంత శాతం అని కట్టే చిన్న వ్యాపారులకి) 18.

వీటిలో అత్తగారి ఎక్సర్‌సైజులు ఒక్కరోజు కూడా తప్పవు. ఆమె ఆరుంపావుకే మంచం మీద కాలు చాపి, టవలు చుట్ట చుట్టి మోకాలి కింద పెట్టుకుని "ఏమ్మా, వస్తా ఉండావా?" అని కేకేస్తారు. మోకాలితో టవల్ని కిందికి నొక్కి పది అంకెలు లెక్కపెట్టాలి, వదలాలి. నేను లెక్కపెట్టకపోతే ఆరు దగ్గరే వదిలేస్తారు. పాపతో శనివారం కూడా చాలావరకు జరుగుతుంది, జరక్కపోతే అలుగుతుంది కాబట్టి. పోయేది ఎప్పుడూ వీణే.

నల్ల పెన్నుతో రాసినవాటికి జరిమానా ఉంది. త్రీబీ ఆలస్యమైతే రోజుకి 50 రూపాయలు, ఆ నెల వ్యాపారమేమీ లేని నిల్ రిటర్న్ అయినా రోజుకి 20. కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. వీణ క్లాసు మానేస్తే జరిమానా వేసేవాళ్లు లేరు. గురువుగారు కూడా ఏమీ అనరు, మంచి మనిషి. ఆమె నాలుగు తిట్టుంటే ఈపాటికి రెండు వర్ణాలు పూర్తి చేసి ఉండేదాన్నేమో!

ఎట్లా పోతుందో ఒకటి చెబుతాను. ఒక క్లయింటు 19వ తేదీ సాయంత్రం క్యారీ బ్యాగ్ నిండా బిల్లులు తెచ్చి టేబుల్ మీద బోర్లించి, "రేపేగా మేడమ్ లాస్టు" అని పోయాడు. మర్నాడు మధ్యాహ్నానికల్లా అన్నీ ఎక్కించి సిద్ధం చేశాం. రిటర్న్ వేయాలంటే ఓటీపీ ఆయన ఫోనుకి పోవాలి. ఫోను చేస్తే స్విచాఫ్. ఇంటికి చేస్తే, బెంగుళూరు నుంచి చుట్టాలొచ్చారని కొండకి తీసుకుపోయారట. దర్శనానికి పోయేవాళ్లు ఫోను డిపాజిట్ చేసి పోవాల్సిందే కదా. ఆయన క్యూలో, ఫోను కౌంటర్లో, నేను కంప్యూటర్ ముందు. రాత్రి తొమ్మిదిన్నరకి లడ్డూ కౌంటర్ దగ్గర్నుంచి ఓటీపీ చెప్పాడు. ఆ రోజు గురువారం.

2025 సెప్టెంబర్‌లో ఇంకా జాస్తి అయింది. 22వ తేదీ నుంచి రేట్లు మారాయి. లాడ్జీల్లో రోజుకి రూ.7,500 దాకా ఉన్న రూములకి 12 శాతం ఉండేది 5కి వచ్చింది, కాకపోతే ఇన్‌పుట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్ను) తీసుకోవడానికి లేదు. 24న బ్రహ్మోత్సవాలు మొదలు. ముందే డబ్బు కట్టి బుక్ చేసుకున్న రూముకి ఏ రేటు, సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ మార్చాలి అని ఒకటే ఫోన్లు. అదే వారం గురువుగారింట్లో నవరాత్రి కొలువు. శిష్యులందరూ తలా ఒక కీర్తన వాయించాలి, నా పేరు కూడా రాసిపెట్టారు. ఎర్ర పెన్నుతో రాసి చుట్టూ గీత కూడా గీసుకున్నాను. పోలేకపోయాను.

మా వీణ సంగతి కూడా చెప్పాలి. మెట్లన్నీ మైనం మీద కూర్చోబెట్టి ఉంటాయి. మన ఊరి ఎండలకి ముట్టుకోకుండా గది మూలన వదిలేస్తే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. అప్పుడు ఒకచోట నొక్కితే ఇంకో స్వరం పలుకుతుంది. ఈ మే నెలలో సరిగ్గా అదే జరిగింది. బాగు చేయించడానికి మనిషిని పిలిపించాలి, ఆ పని కూడా ఎర్ర పెన్నులోనే ఉంది.

ఇంకొక్క సందేహం. క్లయింట్లకి ఏమని చెప్పాలి? "కొండకి పోతున్నా" అంటే మన ఊళ్లో ఎవరూ మారుమాట్లాడరు. "సరే మేడమ్, సరే మేడమ్, మా పేరు కూడా చెప్పుకోండి" అంటారు. "వీణ క్లాసు" అంటే మాత్రం "ఐదు నిమిషాల పనే కదా మేడమ్, చూసి పోండి" అంటారు. ఇప్పుడైతే "బయట పనుంది" అని తప్పించుకుంటున్నాను. స్వామి పేరు చెప్పి అబద్ధమాడటానికి మనసొప్పదు, వీణ పేరు చెబితే పనికి విలువ తగ్గిపోతుందేమోనని భయం.

---

చిత్తూరు_మామిడి:

మేడమ్, నేనూ మీ పనే, చిత్తూరులో. మాకు లాడ్జీలు తక్కువ, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకి సరుకు, డబ్బాలు, లారీలు సప్లై చేసేవాళ్లు జాస్తి. జూన్, జులైలో తోతాపురి దిగుతుంది, ఆ రెండు నెలలు వాళ్లకి ఊపిరాడదు. నాకూ అప్పుడే ఊపిరాడదు, ఎందుకంటే బంగారుపాళ్యం దగ్గర మా నాయన తోట ఉంది, కోత నేనే చూసుకోవాలి. కాబట్టి "సొంత పని ముందు" అనేది నాకు ఇష్టమో కష్టమో కాదు, కాయ చెట్టు మీద ఆగదు.

నేను చేసింది పని టైము మార్చడం కాదు, పనినే తగ్గించడం. మీ అరవై మందిలో టర్నోవర్ 5 కోట్ల లోపు ఉన్నవాళ్లు ఎందరో ఒకసారి లెక్క తీయండి. తిరుపతిలో ముప్పావు మంది అట్లాంటివాళ్లే అయ్యుంటారు. వాళ్లలో ఎంతమంది నెలనెలా రిటర్న్ వేస్తున్నారు? క్యూఆర్‌ఎంపీ అనే స్కీములోకి మారిస్తే రిటర్న్ మూడు నెలలకోసారి. మొదటి రెండు నెలలు 25లోపు చలానా కట్టేస్తే చాలు. బిల్లు నెలనెలా కనపడాలని పట్టుబట్టే కొనుగోలుదార్లు ఉంటే, ఆ బిల్లులు మాత్రం 13లోపు పోర్టల్లో ఐఎఫ్ఎఫ్ అనే ఫారంలో ఎక్కించొచ్చు, నెలకి 50 లక్షల దాకా. మారడానికి గడువు కూడా పెద్దదే: జులై నుంచి కావాలంటే మే 1 నుంచి జులై 31 దాకా ఎప్పుడైనా పోర్టల్లో ఆప్షన్ ఇవ్వొచ్చు. నేను ఇట్లా సగం మందిని మార్చాక 20వ తేదీ నా క్యాలెండర్లో మామూలు తేదీ అయిపోయింది. కాకపోతే మూడో నెల అయ్యాక వచ్చే 13, 22 గట్టిగా ఉంటాయి. ఆ పది రోజులు తోట, పెళ్లిళ్లు, ఏవీ పెట్టుకోను.

అమ్మకాలు, కొనుగోళ్లు ఏమీ లేని నిల్ రిటర్న్‌లకి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. రిజిస్టరైన నెంబర్ నుంచి 14409కి ఎస్సెమ్మెస్ పెడితే అయిపోతుంది. వాళ్లకి నేర్పించేసి వదిలేయండి. ఫీజు పోతుందని మీకనిపించొచ్చు. నిల్ రిటర్న్‌కి మీరు తీసుకునే ఫీజెంత, దానికోసం చేసే ఫోన్లెన్ని?

లేటు ఫీజు గురించి కూడా ఒక మాట. మీరు రాయలేదు గానీ మన వృత్తిలో చాలామంది చేసేదే: పాత క్లయింటు కదా అని లేటు ఫీజు తమ ఫీజులో సర్దేస్తారు. అట్లా సర్దినంతకాలం వాళ్లు 19నే వస్తారు. ఎవరి ఆలస్యానికి వాళ్లే కట్టాలి. ఒకసారి 50 చొప్పున నాలుగు రోజులకి కట్టి చూస్తే గడువు విలువ తెలుస్తుంది.

నాకు ఇంకొకటి పనికొచ్చింది. పలమనేరులో నా స్నేహితుడొకడు ఇదే పని చేస్తాడు. జూన్ కోతలప్పుడు నా అర్జెంటువి వాడు చూస్తాడు, వాళ్ల ఊరి జాతరకి వాడివి నేను చూస్తాను. క్లయింట్లని లాక్కోకూడదని మాటనుకున్నాం, ఇంతవరకు ఎవరం తప్పలేదు. మీకు తిరుపతిలోనే అట్లాంటివాళ్లు ఒకరు దొరక్కపోరు.

---

నైట్‌డ్యూటీ:

అక్కా, నేను స్టాఫ్ నర్సుని, తిరుపతే. మీ క్యాలెండర్ మీ గోడ మీద ఉంది, మీ పెన్ను మీ చేతిలో ఉంది. మాకు రోస్టర్ ఇంకొకరు రాస్తారు. పొద్దున ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి రాత్రి ఎనిమిది, తర్వాత నైటు. అందుకని చెబుతున్నా, రోస్టర్ వచ్చాక మార్చమని అడిగేవాళ్లకి ఎప్పుడూ మారదు. రాయకముందే అడిగినవాళ్లకి దొరుకుతుంది. ఇన్‌ఛార్జి సిస్టర్ వచ్చే నెలది వేయడానికి కూర్చునే ముందే నాకు కావాల్సిన రెండు తేదీలు చీటీ మీద రాసిస్తాను. రెండే. ఐదు రాస్తే ఒక్కటీ ఇవ్వరు.

ఊరికే ఎవరూ ఇవ్వరు కూడా. నేను క్రిస్టియన్‌ని. సంక్రాంతి, ఉగాది, దీపావళి డ్యూటీలు నేనే అడిగి వేయించుకుంటాను. క్రిస్మస్ ముందురోజు రాత్రి, ఈస్టర్ తెల్లవారుజాము నా జోలికి ఎవరూ రారు. ఎన్నేళ్లుగానో ఇట్లాగే నడుస్తోంది. కొత్తగా వచ్చిన ఇన్‌ఛార్జి ఒకసారి మార్చబోతే మిగతా సిస్టర్లే ఒప్పుకోలేదు, ఎందుకంటే వాళ్ల సంక్రాంతి పోతుంది కదా.

మీ క్లయింట్లతో మీకు అట్లాంటి ఇచ్చిపుచ్చుకోవడం ఏముందో చూడండి. లాడ్జీ వాళ్లకి బ్రహ్మోత్సవాల్లో మీరు పది రోజులు రాత్రి దాకా ఉంటారు కదా. ఆ మాట చెప్పే మీ సోమవారం, గురువారం అడగండి.

ఒకటి అడగనా, ఏమీ అనుకోకండి. మీరు క్లాసుకి పోతే ఆఫీసులో కూర్చునేది ఆ అమ్మాయే కదా. ఆమెకి ఎర్ర పెన్ను ఎవరిస్తారు?

---

తిరుపతి_లెక్కలు:

చిత్తూరు సార్, ఈ పొద్దు కూర్చుని లెక్క తీశాను. 5 కోట్లు దాటినవాళ్లు ఐదుగురే. నెలనెలా వేస్తున్న మిగతావాళ్లలో ఎక్కువమంది ఎప్పుడో మొదట్లో ఎట్లా పెట్టారో అట్లాగే నడుస్తున్నవాళ్లు. ట్రావెల్స్ వాళ్లలో కొందరికి కంపెనీ బుకింగులు ఉన్నాయి, వాళ్లకి ఐఎఫ్ఎఫ్ సరిపోతుంది. లాడ్జీలైతే నేరుగా మార్చొచ్చు, యాత్రికులు ఇన్‌పుట్ అడగరు కదా. దీని గురించి ఇంకా అడగాల్సినవి ఉన్నాయి, విడిగా రాస్తాను.

నర్సమ్మా, నువ్వు అడిగింది సూటిగా తగిలింది. మా ఆఫీసు అమ్మాయిని అడిగాను. వాళ్ల ఊరు పుత్తూరు దాటాక లోపలికి. శనివారం సాయంత్రం ఐదింటికి బయటపడితే సొంతూరికి నేరుగా పోయే బస్సు దొరుకుతుందంట, ఆరు దాటితే పుత్తూరులో దిగి ఆటో కోసం నిలబడాలంట. ఇన్నాళ్లూ నాతో చెప్పలేదు. ఇప్పుడు ఆమెకి పచ్చ పెన్ను ఇచ్చాను. శనివారాలన్నీ తనే రాసేసుకుంది, రాయడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

పొద్దున వీణ పెట్టుకోండని ఎవరైనా చెప్పబోతారేమో, ముందే చెబుతున్నా: పొద్దున అత్తగారివి అయ్యేసరికి ఏడు, తర్వాత పాప కాలేజీ, వంట. గురువుగారికి కూడా పొద్దున కుదరదు.

---

కొండకింద_కోడర్:

నేను చెప్పబోయింది అదే, మీరే ఆపేశారు! సరే, నా పద్ధతి వేరేవాళ్లకి పనికొస్తుందేమో, రాస్తాను. తిరుపతి నుంచే సాఫ్ట్‌వేర్ పని, అమెరికా తూర్పు తీరం క్లయింటు. వాళ్ల పొద్దున తొమ్మిదింటి మీటింగ్ ఎండాకాలంలో మనకి సాయంత్రం ఆరున్నర. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం మారుస్తారు, అప్పట్నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అదే మీటింగ్ మనకి ఏడున్నర. మా బాబుకి అన్నం తినిపించి పడుకోబెట్టేది ఏడున్నరకి. ఎండాకాలం మీటింగ్ ముందే అయిపోతుంది, చలికాలం సరిగ్గా వాడి మీద వచ్చి పడుతుంది. కంపెనీ క్యాలెండర్లో "బిజీ" అని బ్లాక్ పెట్టి చూశాను. దాని మీదే మీటింగులు వేస్తారు. ఏ రంగు వేసినా అంతే.

నిలబడింది ఒక్కటే: శనివారం శ్రీవారి మెట్టు. 2,388 మెట్లు, ఆరింటికి గేటు తీస్తారు. నేను, మా మామ, పక్కింటి అంకుల్ ముగ్గురం. అంకుల్ ఐదుంపావుకే బైకు స్టార్ట్ చేసి హారన్ కొడతాడు. వీధి వాళ్లు లేవక ముందే నేను కిందికి దిగాలి, లేకపోతే అందరూ నన్నే తిడతారు. శుక్రవారం రాత్రి ఎంత లేటయినా సరే, పోవాల్సిందే. మీ అత్తగారి కేక కూడా ఇట్లాంటిదే కదా. క్లాసుకి మీతోపాటు పోయేవాళ్లు ఎవరైనా ఉన్నారా? దారిలో మిమ్మల్ని ఎక్కించుకుని పోవాల్సిన శిష్యురాలు ఎవరైనా? ఆమె స్కూటీ మీ గేటు ముందు ఆగితే క్యారీ బ్యాగు వాడు కూడా ఏమీ అనలేడు.

---

గాంధీరోడ్_బట్టలు:

అమ్మా, నేను మీ క్లయింట్ల జాతివాణ్ని. మా నాయన పెట్టిన బట్టల కొట్టు, నాకిప్పుడు అరవై దాటాయి. మా తరఫున కూడా ఒకరు మాట్లాడాలి కదా.

బిల్లులు ఆలస్యంగా ఇస్తారని మా మీద నింద. మీరు అడిగే తీరు ఎట్లుంటుంది? "సార్, బిల్లులు పంపండి." ఏ బిల్లులు? అమ్మకాల లెక్క మా కంప్యూటర్లో ఒకటో తేదీకే సిద్ధంగా ఉంటుంది. కొనుగోళ్లు అట్లా కాదు. సూరత్ వాడు, ఈరోడ్ వాడు 11వ తేదీ దాకా ఎక్కిస్తూనే ఉంటారు, మాకు టూబీలో (పోర్టల్ చూపించే మా కొనుగోళ్ల చిట్టాలో) కనపడేది 14న. ఎవడు ఎక్కించాడు, ఎవడు ఎక్కించలేదు అని చూసి, ఎక్కించనివాడికి ఫోన్లు చేసి, తిట్టి, అప్పుడు మీ దగ్గరికి వస్తాం. రెండూ కలిపి ఒకేసారి ఇద్దామనుకుంటాం, అక్కడే 19 అవుతుంది. రెండు తేదీలు విడివిడిగా అడగండి. అమ్మకాలు మూడు నాలుగు తేదీల్లో, కొనుగోళ్లు 16కి. మా ఆడిటర్ గారు అట్లా మార్చాక నేను 19న ఆయన గడప తొక్కలేదు.

ఇక వీణ సంగతి. ఎందుకమ్మా దాచడం? మన ఊరివాళ్లకి చాటింపు అలవాటే కదా. మే నెలలో గంగమ్మ జాతరకి చాటింపు వేశారంటే జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటి రాత్రిపూట ఉండకూడదంటారు. మా ఇంట్లో ఇప్పటికీ ఉండం. సూరత్ వాడికి కూడా తెలుసు, ఆ వారం రమ్మని పిలవడు. ముందే చెప్పినదానికి ఎవరూ ఎదురు చెప్పరు. చెప్పకుండా ఐదింటికి తలుపేస్తేనే కోపమొస్తుంది. మీరు కూడా చాటింపు వేసేయండి.

నా మటుకు నేను శనివారం పొద్దున గోవిందరాజస్వామి గుడికి పోయొచ్చి పదిన్నరకి కొట్టు తెరుస్తాను. షట్టర్ మీద పెయింటుతో రాయించాను. పాత గిరాకీ ఎవరూ పదిన్నర లోపల రారు. యాత్రికులు కొందరు వెనక్కి పోతారు, పోనీ. కానీ బ్రహ్మోత్సవాలప్పుడు నేను కూడా ఏ నియమమూ పెట్టుకోను, అన్ని రోజులూ ఎనిమిదింటికే తెరుస్తాను. 2025లో రేట్లు మారినప్పుడైతే నిద్ర కూడా లేదు. రెడీమేడ్ బట్టలకి రూ.2,500 దాకా 5 శాతం, ఆపైన 18 అన్నారు. వాటి మీద అంటించిన ధర చీటీలన్నీ మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. ఆ వారం మీరు కొలువుకి పోలేదంటే అది మీ క్యాలెండర్ లోపం కాదమ్మా, ఎవరూ ఎక్కడికీ పోలేదు. దాన్ని లెక్కలోంచి తీసేయండి. మామూలు గురువారాల గురించి మాట్లాడండి.

విలువ తగ్గుతుందని భయపడుతున్నారు. మా ఆడిటర్ గారు రోజూ సాయంత్రం షటిల్ ఆడతారు, అందరికీ తెలుసు. ఆయన విలువ ఏమీ తగ్గలేదు, ఫీజు కూడా తగ్గలేదు.

---

నైట్‌డ్యూటీ:

పెద్దాయన చెప్పిన చివరి మాట దగ్గర ఆగాను. మగవాళ్లు షటిల్ ఆడితే ఆరోగ్యం అంటారు, ఆడవాళ్లు వీణ వాయిస్తే "ఖాళీగా ఉన్నట్టున్నారే" అంటారు. అయినా చెప్పేయండి అక్కా. దాస్తే ఎప్పటికీ అట్లాగే అంటారు.

---

తిరుపతి_లెక్కలు:

అందరికీ థ్యాంక్స్. కోడర్ గారూ, భవానీ నగర్ నుంచి ఒకావిడ క్లాసుకి వస్తారు, మా వీధి ఆమెకి దారిలోనే. అడిగితే వెంటనే ఒప్పుకున్నారు. "ఐదుంపావుకి గేటు దగ్గర ఉండాలి, నేను బెల్లు కొట్టను, హారనే" అన్నారు. మీ అంకుల్‌కి చుట్టమేమో కనుక్కోండి.

చిత్తూరు సార్ చెప్పినట్టు లాడ్జీలతో మాట్లాడటం మొదలుపెట్టాను. ఇద్దరు సరేనన్నారు, ఒకాయన "నెలనెలా వేస్తేనే మనశ్శాంతి మేడమ్" అన్నారు. ఆయన్ని వదిలేశాను. పెద్దాయన అన్నట్టు బ్రహ్మోత్సవాల రోజుల్లో ఏవీ పెట్టుకోను. గురువుగారికి కూడా చెప్పాను, ఈసారి కొలువుకి శ్రోతగానే వస్తానని. ఆమె ఒప్పుకోలేదు. బ్రహ్మోత్సవాలు ముగిశాక ఒక ఆదివారం మా ఇంట్లోనే వాయించమన్నారు, తానే వస్తారట. మెట్లు బాగుచేసే మనిషి వచ్చే వారం వస్తున్నాడు.

క్లయింట్ల గ్రూపులో పెట్టడానికి మెసేజ్ రాశాను. చూసి చెప్పండి, ముఖ్యంగా గాంధీ రోడ్ సార్:

"అందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి అమ్మకాల లెక్కలు 4వ తేదీలోపు, కొనుగోళ్ల బిల్లులు 16లోపు ఇవ్వగలరు. 18 తర్వాత వచ్చినవి వచ్చిన వరుసలో చేస్తాం, లేటు ఫీజు, వడ్డీ ఎవరివి వారే కట్టుకోవాలి. కొండకి పోయే పని ఉంటే ముందురోజే చెప్పండి, ఓటీపీ పని ముందే ముగించుకుందాం. సోమవారం, గురువారం సాయంత్రం 5 నుంచి 7.30 వరకు నేను ఆఫీసులో ఉండను, వీణ క్లాసుకి వెళ్తాను. బిల్లులు ఆఫీసులో ఇచ్చి వెళ్లొచ్చు. శనివారం ఆఫీసు సాయంత్రం 5 వరకే. బ్రహ్మోత్సవాల రోజుల్లో మాత్రం రాత్రి 9 దాకా అందుబాటులో ఉంటాను. అర్జెంట్ అయితే ఎప్పుడైనా ఫోన్ చేయండి. దయచేసి సహకరించగలరు."

---

చిత్తూరు_మామిడి:

బాగుంది మేడమ్. 18కి బదులు 17 పెట్టండి, 18న కాంపోజిషన్ వాళ్లు ఉంటారు.

---

గాంధీరోడ్_బట్టలు:

అంతా బాగుందమ్మా. "అర్జెంట్ అయితే ఎప్పుడైనా ఫోన్ చేయండి" అన్న లైను తీసేయండి. మాకు అన్నీ అర్జెంటే.

---

తిరుపతి_లెక్కలు:

17 చేశాను. ఆ లైను తీసేశాను. గ్రూపులో పెట్టేశాను సార్.